పాత కారు నడుస్తూ నడుస్తూనే ఆగిపోతోందా? పార్టులు మార్చే ముందు ఇవి గమనించండి

సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. ఫస్ట్ గేర్ వేసేలోపే ఇంజిన్ ఆఫ్. వెనక నుంచి ఒకటే హారన్లు. మళ్లీ సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. తీరా షెడ్డుకు తీసుకెళ్తే గంటసేపు ఆన్‌లో పెట్టినా ఆగదు!

పది, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లు ఉన్నవారికి ఈ తలనొప్పి బాగా తెలుసు. మెకానిక్ ముందు తప్పు కనిపించదు కాబట్టి అంచనా మీద ఒక్కో పార్టూ మారుస్తూ పోతారు. ప్లగ్గులు అయ్యాయి, కాయిల్ అయింది, పంపు కూడా అయింది. బిల్లు పెరుగుతుంది కానీ సమస్య అక్కడే ఉంటుంది. నిజానికి బండి ఆగిన ఆ నిమిషంలో మీరు గమనించే విషయాలే సగం జవాబు చెప్పేస్తాయి. అవేంటో చూద్దాం.

ముందు మీ భద్రత

నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకులు పనిచేస్తాయి, కానీ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండుసార్లు తొక్కడానికే సరిపోతుంది. ఆ తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది. అందుకే బ్రేకును పదే పదే తొక్కి వదలొద్దు. ఒకే ఒత్తిడితో నొక్కి పట్టుకోండి. హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకు తీసుకోండి. బండి కదులుతుండగా తాళం మాత్రం బయటకు తీయొద్దు, స్టీరింగ్ లాక్ అయ్యే ప్రమాదం ఉంది. జాతీయ రహదారిపై ఉంటే 1033కు ఫోన్ చేయొచ్చు.

టక్కున ఆగిందా? దగ్గి దగ్గి ఆగిందా?

ఇది మొదటి ప్రశ్న. స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే ఎక్కువసార్లు కరెంటు వైపు తప్పు ఉంటుంది. ఇగ్నిషన్ స్విచ్, రిలే, సెన్సార్, లూజు ఎర్త్ వైరు లాంటివి చూడాలి. పికప్ తగ్గి, జెర్కులు ఇచ్చి ఆగితే పెట్రోల్ సరిగా అందడం లేదని అనుమానించాలి.

డ్యాష్‌బోర్డు కూడా చూడండి. మామూలుగా ఇంజిన్ ఆగితే బ్యాటరీ, ఆయిల్ లైట్లు వెలుగుతాయి. అలా కాకుండా మీటరంతా చీకటైపోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఇగ్నిషన్ స్విచ్ ముందుగా చెక్ చేయించాలి. తాళాల గుత్తి బరువుగా వేలాడుతూ ఉంటే స్విచ్ లోపల అరిగిపోయే అవకాశం ఎక్కువ.

వేడెక్కాకే ఆగుతోందా?

అరగంట బాగా నడిచి ఆగిపోవడం, పావుగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ కావడం.. ఇదే మీ బండి తీరైతే క్రాంక్ పొజిషన్ సెన్సార్‌ను అనుమానించాలి. క్రాంక్ షాఫ్ట్ ఏ స్థితిలో తిరుగుతోందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. ఆ సమాచారం రాకపోతే చాలా కార్లలో స్పార్కూ రాదు, పెట్రోలూ రాదు. పాతబడిన సెన్సార్ వేడికి పనిచేయడం మానేసి, చల్లారగానే మళ్లీ పనిచేస్తుంది. షెడ్డుకు చేరేసరికి చల్లబడుతుంది కాబట్టే అక్కడ తప్పు దొరకదు. ఇగ్నిషన్ కాయిల్ కూడా ఇలాగే మోసం చేస్తుంది.

స్టార్ట్ కాని ఆ సమయంలోనే ఒక చిన్న పరీక్ష చేయండి. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి చెవి పెట్టండి. చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నని మోత వస్తుంది. అది ఫ్యూయల్ పంపు. మోత అసలు రాకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు చూడాలి. మోత వచ్చినా స్టార్ట్ కాకపోతే స్పార్క్ వస్తోందో లేదో మెకానిక్‌తో చూపించాలి.

స్లోలో నిలబడటం లేదా?

రోడ్డు మీద బాగానే ఉండి, సిగ్నల్ దగ్గరో, ఏసీ వేసినప్పుడో ఆగితే థ్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్, ఐడిల్ వాల్వ్ జామ్ కావడం, చిట్లిన వాక్యూమ్ పైపు లాంటివి కారణం కావచ్చు. బానెట్ ఎత్తితే ఎక్కడో 'స్‌స్' అని గాలి లాగే శబ్దం వస్తోందా? వినండి. ఇక్కడ క్లీనింగ్‌తోనే పని అయిపోవచ్చు. ముందు అది చేయించండి.

హైవే మీదా, ఎత్తు ఎక్కేటప్పుడా?

ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ అడిగే వేళ ఇది. ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు బలహీనపడినా ఇక్కడే బయటపడుతుంది. పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే కాబట్టి ఎప్పుడూ రిజర్వులో నడిపే అలవాటు మంచిది కాదు. పంపు మార్చేముందు ప్రెజర్ గేజ్ పెట్టి చూడమని అడగండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడుతున్న పాత బండ్లలో రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు కూడా ఓసారి చూపించడం మంచిది.

టెర్మినల్ విప్పకముందే కోడ్ చదివించండి

చాలామంది చేసే పొరపాటు ఇదే. బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే చాలా కార్లలో కంప్యూటర్ దాచుకున్న ఫాల్ట్ కోడ్ చెరిగిపోతుంది. ఉన్న ఒక్క సాక్ష్యం పోయినట్టే! ముందు స్కానర్ పెట్టించి కోడ్ ఫొటో తీసుకోండి. పీ0335 వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని అర్థం. అంటే సెన్సారే కాదు, దాని వైరు, కనెక్టర్ కూడా చూడాలి. కోడ్ లేదంటే లోపం లేదని కాదు, స్కానర్ పట్టని లోపాలూ ఉంటాయి.

కార్బురేటర్ ఉన్న మరీ పాత బండ్లకు స్కానర్ పనిచేయదు. వాటిలో జెట్లలో చెత్త, ఫ్లోట్, చోక్ చూడాలి.

ఫోన్‌లో ఈ ఐదూ రాసుకోండి: ఆగిన టైమ్, ఎంత దూరం నడిచాక, ఎంత స్పీడులో, పెట్రోల్ ఎంత ఉంది, ఎంతసేపటికి మళ్లీ స్టార్ట్ అయింది. మూడుసార్లు రాస్తే ఒక లెక్క కనిపిస్తుంది. షెడ్డుకు వెళ్లి 'బండి ఆగిపోతోంది' అనే బదులు ఆ లెక్క చూపించండి. అనవసరమైన పార్టుల ఖర్చు చాలావరకు తప్పుతుంది. తప్పు దొరికేవరకు మాత్రం ఆ బండితో హైవే ప్రయాణం పెట్టుకోకండి.