23వ కీర్తనలో ఉన్నది చీకటా, చావా?

ఈ ఎపిసోడ్ అశోక్‌నగర్‌లో నా రూమ్ నుంచే రికార్డ్ చేస్తున్నా. కింద టీ కొట్టు దగ్గర గ్రూప్స్ వాళ్ల డిస్కషన్ వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి. ఈరోజు టాపిక్ ఒకే ఒక్క హీబ్రూ మాట. దాని విషయంలో మా నానమ్మ ముందు నేను చేసిన తప్పు కూడా చెప్తాను.

మా నానమ్మ ఇల్లు చిక్కడపల్లిలో. 23వ కీర్తన ఆమెకు కంఠతా వచ్చు. ఆఖరి రోజుల్లో ఆమె మంచం పక్కన కూర్చుని, ఫోన్‌లో ఇంగ్లీష్ బైబిల్ తెరిచాను. నాలుగో వచనంలో లోయ గురించి ఉంటుంది కదా. నానమ్మ చదివే పాత తెలుగు బైబిల్లో అది గాఢాంధకారపు లోయ. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో మాత్రం మరణపు నీడ ఉన్న లోయ. "నానమ్మా, మన తెలుగులో తప్పుంది. ఒరిజినల్‌లో చీకటి కాదు, చావు" అన్నాను.

ఆమె నవ్వింది. "ఏమో బిడ్డా, నాకైతే చీకటే తెలుసు. చీకట్ల చెయ్యి పట్టుకునేటోడు ఉండాలె, గంతే" అంది.

నెల తిరక్కముందే నారాయణగూడ సమాధుల తోటలో ఆమెను పెట్టి వచ్చాం. అక్కడ ఒక పెద్దాయన అదే కీర్తన తెలుగులో చదువుతుంటే నాకు వెలిగింది. నేను "ఒరిజినల్" అన్నది హీబ్రూ కాదు, ఇంగ్లీష్! హీబ్రూ అసలు చూడనే లేదు. తర్వాతి వారం ల్యాప్‌టాప్ పట్టుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్నాను.

హీబ్రూలో ఆ మాటకు ఐదు అక్షరాలు: త్సాదె, లామెద్, మేమ్, వావ్, తావ్. పాతకాలపు హీబ్రూ రాతలో అచ్చుల గుర్తులు దాదాపు ఉండవు. తెలుగులో గుణింతాలు తీసేసి "మట" అని రాశామనుకోండి. అది మాట కావచ్చు, మూట కావచ్చు, మోటు కావచ్చు. సందర్భం చూసి చదువుకోవాలి. పైగా ఆ వావ్ అక్షరం ఒకచోట "వ" అవుతుంది, ఇంకోచోట "ఊ" అవుతుంది.

"వ" అనుకుంటే త్సల్‌మావెత్. త్సేల్ అంటే నీడ, మావెత్ అంటే మరణం. మరణపు నీడ వచ్చేసింది. "ఊ" అనుకుంటే త్సల్‌మూత్, అంటే చిక్కటి చీకటి. హీబ్రూలో ఇలా రెండు మామూలు నామవాచకాలు అతుక్కుని ఒకే మాట కావడం చాలా అరుదు. అందుకే చాలామంది పండితులు చీకటి వైపే మొగ్గుతారు. దానికి చుట్టంగా వాళ్లు చూపించే అరబిక్ ధాతువు నుంచే మన హైదరాబాద్ ఉర్దూలో వినిపించే జుల్మత్ వచ్చింది. జుల్మత్ అన్నా చీకటే.

అలాగని మరణపు నీడ ఎవరో కల్పించింది కాదు. క్రీస్తుకు ముందే గ్రీకులోకి అనువదించిన యూదులు ఈ మాటను అలాగే అర్థం చేసుకున్నారు. సుమారు 6 నుంచి 10వ శతాబ్దం మధ్య మసోరెట్లు అనే యూదు పండితులు అక్షరాలకు చుక్కలు, గీతలు పెట్టి అచ్చులు ఖాయం చేసినప్పుడూ మావెత్ అనే పెట్టారు. ఇంకో వాదన కూడా ఉంది: ఇక్కడ మరణం అంటే "మహా" అని మాత్రమే. మనం "చచ్చేంత ఆకలి" అంటాం, ఎవరూ చావరు కదా!

మరి తెలుగులోకి తెచ్చినవాళ్ల సంగతి? 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ ఆనందరాయర్ సాయంతో పని మొదలుపెట్టారు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. పాత నిబంధన మొత్తం అచ్చులోకి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, యెషయా 9:2లో ఉన్నదీ ఇదే హీబ్రూ మాట. అక్కడ నానమ్మ బైబిల్ మరణచ్ఛాయ అంటుంది! అంటే మన తెలుగు బైబిల్లో రెండు అర్థాలకూ చోటుంది. కీర్తనలో చీకటి, యెషయాలో నీడ. నేను తప్పు అనుకున్నది ఒక ఎంపిక.

ఇంగ్లీష్ కూడా మారింది. 1984 నాటి ఎన్.ఐ.వి. బైబిల్లో మరణపు నీడే ఉంది. 2011 సవరణలో దాన్ని బాగా చీకటైన లోయగా మార్చారు.

కాబట్టి ఫ్రెండ్స్, ఎవరైనా వీడియోలో "ఒరిజినల్ హీబ్రూలో వేరే ఉంది, మీ బైబిల్ తప్పు" అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఏ మాట? ఏ అక్షరాలు? ఆ అచ్చులు ఎవరు పెట్టారు? నా వీడియోలకూ ఇదే రూల్.

నానమ్మకి సారీ చెప్పే టైమ్ మాత్రం నాకు దొరకలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒక వచనాన్ని ఎలా అర్థం చేసుకున్నారో, సరిదిద్దే ముందు ఒకసారి అడగండి.