పశువుల క్షయ టీకా

ఆవులు, గేదెల్లో మైకోబాక్టీరియం బోవిస్, దాని దగ్గరి జాతుల వల్ల వచ్చే క్షయను అరికట్టే టీకా. కొత్త మందేమీ కాదు. ఆశలన్నీ మనుషులకు వేసే బి.సి.జి. మీదే. అసలు బి.సి.జి. పుట్టిందే ఆవు నుంచి. ఫ్రాన్స్‌లోని లిల్‌లో శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 13 ఏళ్లపాటు ఆ బోవిస్ క్రిమిని పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద 230 సార్లు మళ్లీ మళ్లీ పెంచి బలహీనపరిచారు. మనుషుల కంటే ముందు దాన్ని పరీక్షించింది పశువుల మీద. 1948లో మన దేశంలో మనుషులకు ఈ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

మరి దూడలకు ఎందుకు వేయలేదు? టీకా వేసిన పశువు క్షయను పట్టే ట్యూబర్కులిన్ చర్మపరీక్షలో రోగిలాగే కనిపించవచ్చు. రోగమున్న పశువును ఏరి వధించే పాశ్చాత్య దేశాలకు ఇది పెద్ద చిక్కు. చాలా రాష్ట్రాల్లో గోవధ కుదరని మన దేశంలో ఏరివేతే సాగదు కాబట్టి టీకా అవసరం ఇక్కడే ఎక్కువ. 2018 నాటి ఒక విశ్లేషణ ప్రకారం భారత పశువుల్లో సుమారు 7.3 శాతానికి ఈ జబ్బు ఉంది. పాలు పొంగేదాకా కాచే మన అలవాటు మనుషులను చాలావరకు కాపాడుతోంది, మందను కాదు.

ఇథియోపియాలో జరిపిన ప్రయోగం (2024) టీకాతో వ్యాప్తి దాదాపు 89 శాతం తగ్గవచ్చని తేల్చింది. ఇక చర్మపరీక్ష చిక్కుకూ దారి దొరికింది: బి.సి.జి.లో లోపించిన ఈసాట్-6, సి.ఎఫ్.పి.-10 ప్రోటీన్లతో చేసే పరీక్ష, టీకా వేసిన పశువునూ రోగమున్న పశువునూ వేరు చేస్తుంది.