దోహాలో పూలమడి: కొంచెం మట్టి, కొంచెం చరిత్ర

ఖతార్ అనగానే మనవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేవి ఇసుక, గ్యాసు, రియాళ్ళు. పూలమొక్కలు మాత్రం ఎవరికీ గుర్తు రావు. ఇంటిముందు లావెండర్ వేస్తున్నానని ఫోన్లో చెప్తే, కడియంలో ఉండే మా పిన్ని "ఆ ఇసకలో తుమ్మమొక్క బతికితే గొప్ప, నీకు లావెండరా తల్లీ!" అని నవ్వింది. గోదావరి ఒండ్రుమట్టిలో, నర్సరీల మధ్య బతికిన మనిషికి అలా అనిపించడం సహజమే. కానీ ఈ దేశంలో ఊళ్ళ పేర్లు వింటే ఆ మాట అనబుద్ధి కాదు.

2022 డిసెంబరు 18న ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగిన లుసైల్ తెలుసు కదా. ఆ పేరు 'వసైల్' అనే ఇక్కడి మొక్క నుంచి వచ్చిందని చెప్తారు. అరబ్బుల టోపీ ఆకారంలో స్టేడియం కట్టిన అల్ తుమామాకి, తుమామ్ అనే ఎడారి గడ్డి పేరు. మనకి చింతపల్లి, వేపగుంట, తాడేపల్లి ఎలాగో వీళ్ళకి ఇవి అలాగ. ఏడాది మొత్తానికి ఇక్కడ పడే వాన సుమారు 75 మిల్లీమీటర్లు. మన కోస్తాలో ఒక్క తుఫాను పూట అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ కాస్త వానకే రాతినేల మధ్య పల్లాల్లోకి నీళ్ళూ ఒండ్రూ వచ్చి చేరతాయి. అలాంటి చోటుని 'రౌదా' అంటారు. ఆ మాటకి అరబ్బీలో తోట అనే అర్థం కూడా ఉంది. దోహా నడిబొడ్డున ఉన్న రౌదత్ అల్ ఖైల్ పేరులో ఉన్నది ఆ రౌదాయే. రోజూ ఆ వీధిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకునేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, తాము ఒక తోట పేరు తలుచుకుంటున్నామని?

ఈ దేశ చరిత్రని చమురు చరిత్ర అంటారు గాని, నన్నడిగితే నీళ్ళ చరిత్ర అంటాను. వాయవ్య తీరంలో అల్ జుబారా అని పాడుబడ్డ ఊరుంది. పద్ధెనిమిదో శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన ఊరు. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ముత్యాలున్నాయి, పడవలున్నాయి, గోడలున్నాయి. తాగడానికి మంచినీళ్ళు మాత్రం ఊరి బయట ఉన్న మురైర్ కోట దగ్గరి బావుల నుంచే రావాలి. 1949లో చమురు ఎగుమతి మొదలైంది. 1950ల్లో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటు వచ్చింది. 1971లో స్వాతంత్ర్యం. ఆ తర్వాత కొళాయి తిప్పితే నీళ్ళు రావడం మామూలైపోయింది. ఇవాళ పార్కులకీ రోడ్ల పక్క మొక్కలకీ శుద్ధి చేసిన మురుగునీరు వాడతారు. ఇళ్ళ ముందు మనం పోసేది మాత్రం సముద్రంలోంచి, బోలెడు గ్యాసు ఖర్చుపెట్టి తీసిన నీరు. పైపు పట్టుకున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

సరే, లావెండర్ దగ్గరికి వద్దాం. ఇది ఇంగ్లీషు దొరల మొక్క అని మనం అనుకుంటాం, సబ్బుల మీద బొమ్మల వల్ల కాబోలు. అసలు పుట్టిల్లు మధ్యధరా తీరం. దాని చుట్టాలు అరేబియా మీదుగా మనదాకా ఉన్నాయి. లవాండులా బైపినాటా అనే అడవి జాతి మన దక్కను రాళ్ళనేలల్లో ఎవరూ పెంచకుండానే పెరుగుతుంది. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ ఒక రకం లావెండర్ని 'స్టోయికస్' పేరుతో వర్ణించాడు. ఆ మాట అరబ్బుల నోట 'ఉస్తుఖుద్దూస్' అయింది. అక్కణ్ణించి యునానీ వైద్యంతో పాటు హైదరాబాదు చేరింది. చార్మినార్ పక్కన నిజాం కట్టించిన యునానీ ఆసుపత్రి ఉంది కదా, ఆ వైద్యంలో దీన్ని 'మెదడుకి చీపురు' అంటారు. తలలో ఉన్న చెత్తంతా ఊడ్చేస్తుందని! అంటే లావెండర్ మనకి కొత్త కాదు. మూలికగా ఎప్పుడో వచ్చింది, పూలమొక్కగానే ఆలస్యమైంది.

అరబ్బీలో లావెండర్‌ని 'ఖుజామా' అంటారు. తమాషా ఏమిటంటే, కువైట్, సౌదీ ఎడారుల్లో వానలు బాగా పడ్డ ఏడు నేలమీద ఊదారంగు పరిచే ఇంకో మొక్కని కూడా ఖుజామా అనే పిలుస్తారు. అది ఆవాల కుటుంబానిది. 'కువైట్, బహ్రెయిన్ అడవిపూలు' అనే పుస్తకం రాసిన వయలెట్ డిక్సన్ పేరే దాని శాస్త్రీయ నామంలో ఉంది. 2021లో సౌదీవాళ్ళు అతిథులకి పరిచే ఎర్ర తివాచీ తీసేసి ఊదారంగు తివాచీ పెట్టింది ఈ ఎడారిపూల రంగు కోసమే.

మరి ఇంటిముందు పెంచడం ఎలా? ఇక్కడి సున్నపు నేల లావెండర్‌కి శత్రువు కాదు, దానికి కాస్త క్షారమే ఇష్టం. ఎండ కంటే దానికి ఎక్కువ హాని చేసేది ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం మీంచి వచ్చే ఉక్క. అందుకే చలిదేశాల ఇంగ్లీషు రకం కాకుండా, ఆకు అంచు రంపంలా ఉండే డెంటాటా రకం తీసుకోవాలి. అక్టోబరు చివర్లో నాటాలి. మడి జానెడు ఎత్తు చేసి, సగానికి సగం గులకరాళ్ళు, ముతక ఇసుక కలపాలి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం గోడ నీడ పడాలి. పూత అయ్యాక పచ్చికొమ్మ వరకే కత్తిరించాలి. ముదురు కట్టెలోకి కోస్తే మళ్ళీ చిగురు వేయడం కష్టం.

తోడు మొక్కల్ని రంగు చూసి కాదు, దాహం చూసి ఎంచాలి. మల్లెకి రోజూ నీళ్ళు కావాలి, లావెండర్‌కి పడవు. అందుకని మల్లె కొళాయి పక్కన, లావెండర్ మడి అంచున. దాని సరసన రోజ్‌మేరీ, కలబంద. వెనక గోడకి కాగితంపూలు. వేసవిలో మిగతావన్నీ సొమ్మసిల్లినా బిళ్ళగన్నేరు పూస్తూనే ఉంటుంది. ఆ బూడిదరంగు ఆకుని నలిపి వాసన చూస్తే నాకు మాత్రం దవనమే గుర్తొస్తుంది, కనకాంబరాల మాలలో కట్టే దవనం.

ఇవన్నీ పుస్తకంలో చదివి తెలుసుకున్నవి కావు. మా వీధిలో నాలుగైదు ఇళ్ళ తోటలు చూసే జగిత్యాల తమ్ముడు చెప్పినవి చాలా ఉన్నాయి. "అక్కా, మీరు ప్రేమతోని నీళ్ళు పోస్తున్నరు, గది వద్దంటున్నది. వేరు కుళ్ళుతది" అన్నాడు మొదటి ఏడాది. ఊళ్ళో బోర్లు ఎండిపోతే పొలం వదిలి వచ్చినవాడు. నీళ్ళు లేక ఊరు వదిలిన రైతు, నీళ్ళు లేని దేశంలో పూలు పూయిస్తున్నాడు!

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫుకి వలస 1970ల నుంచీ సాగుతున్నదే. ఈ ఎండలో బయట పనిచేసేవాళ్ళ కోసం ఖతార్ 2007లో వేసవి మధ్యాహ్నపు పనిని నిషేధించింది. 2021లో దాన్ని పెంచి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకూ చేసింది. అదే ఏడాది మార్చిలో నెలకి 1,000 రియాళ్ళ కనీస వేతనం అమల్లోకి వచ్చింది. తోటల చరిత్ర రాసేటప్పుడు ఈ తేదీలు కూడా మొక్కల పేర్ల పక్కనే ఉండాలి.

2023 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా దోహా అల్ బిద్దా పార్కులో అంతర్జాతీయ ఉద్యానవన ప్రదర్శన జరిగింది. ఈ ప్రాంతంలో ఆ స్థాయిది అదే మొదటిది. ఎడారిని పచ్చగా చేయడమే దాని నినాదం. అక్కడ రకరకాల దేశాల మండపాలు ఉన్నాయి. కుండీలు మోసిన చేతులది ఏ దేశమో రాసిన బోర్డు మాత్రం నాకు కనబడలేదు.

లావెండర్‌ని బహువార్షిక మొక్క అంటారు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండేది అని అర్థం. నాటే మనకి మాత్రం ఆ హామీ లేదు, మన రెసిడెన్సీ పర్మిట్‌కి రెన్యూవల్ తేదీ ఉంటుంది. 2018లో శాశ్వత నివాస చట్టం వచ్చినా అది ఏడాదికి వందమందికే. అయినా మనవాళ్ళు నాటుతూనే ఉంటారు. మా కాగితంపూల తీగ, మాకు ముందు ఈ ఇంట్లో ఉన్న మలయాళీ కుటుంబం పెట్టింది. మల్లె అంటు, ఊరికి వెళ్ళిపోతూ గుంటూరు అక్కయ్య ఇచ్చింది. రోజ్‌మేరీ పక్కింటి లెబనాన్ ఆవిడది. ఆ మడి తవ్వి గులకరాళ్ళు కలిపింది జగిత్యాల తమ్ముడు. ఇందులో ఎవరి పేరూ ఏ రికార్డులోనూ ఉండదు. అందుకే మొన్న ఒక నోటుబుక్కులో ఏ మొక్క ఎవరిచ్చారో, ఏ సంవత్సరమో రాసిపెట్టాను. మా తర్వాత ఈ ఇంటికి వచ్చేవాళ్ళకి తాళాలతో పాటు అది కూడా ఇస్తాను.