అంతర్జాల ఓటింగులో ‘మాయాబజార్’ స్థానం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రేక్షకుల దృష్ట్యా ఒక పరిశీలన

భారతీయ సినిమా శతవార్షిక సందర్భంలో 2013లో సీఎన్‌ఎన్-ఐబీఎన్ నిర్వహించిన అంతర్జాల ఓటింగులో కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ (1957) అత్యుత్తమ భారతీయ చిత్రంగా నిలిచింది. ఆ స్థానం దానికి తగినదేనా అన్న ప్రశ్నకు ఓట్ల లెక్క మాత్రమే సమాధానం కాజాలదు. ఓటర్లు తమంతట తాము ముందుకు వచ్చినవారే గాని, ప్రేక్షకలోకానికి ప్రతినిధులు కారు.

పశ్చిమ కర్నూలును గమనిస్తే ఈ పరిమితి స్పష్టమవుతుంది. బళ్లారి జిల్లాలోని ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. చిత్రం విడుదలయ్యేనాటికి ఆ విలీనానికి నాలుగేళ్లు నిండలేదు. నాటి ఆదోని పత్తి కార్మికులకు, ఎమ్మిగనూరు చేనేతకారులకు టికెట్టే ఓటు. ఆ ఓటు ఏ జాబితాకూ ఎక్కలేదు.

అంతమాత్రాన చిత్రం అర్హతను నిరాకరించనక్కరలేదు. పింగళి నాగేంద్రరావు సంభాషణల్లోని ‘అసమదీయులు’, ‘తసమదీయులు’, ‘వీరతాళ్లు’ నేటికీ తెలుగువారి వ్యవహారంలో నిలిచి ఉన్నాయి. సినిమా చూడనివారి నోట కూడా పలికే మాట ఓటుకంటె బలమైన సాక్ష్యం. కనుక స్థానం న్యాయమైనదే. దానికి చూపిన ఆధారమే అసంపూర్ణం. కన్నడ సరిహద్దులోని ఈ రెండు పట్టణాల్లో ఆ మాటలు ఎంతగా ఇంకాయో, నాటి ప్రేక్షకులు జీవించి ఉండగానే వారి నోట విని నమోదు చేయడం సినిమా చరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.