వేటలో మా వంతు

అమృతలూరులో జింకలెక్కడివి అంటారు. నిజమే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట వచ్చాక మా వైపంతా వరి మాగాణి అయిపోయింది. మా పల్లెవాళ్లు జింకని చూసింది తుంగభద్ర కింద. 1953లో అక్కడ డ్యాము పూర్తయ్యాక మన ఆసాములు ఇక్కడ కొంత అమ్మి గంగావతి, సింధనూరు వైపు ఎక్కువ భూమి కొన్నారు. క్యాంపులు కట్టారు. వాళ్లతోపాటు పాలేర్లూ పోయారు. మా నాయనా పోయాడు.

అక్కడ శనగచేల మీద జింకలు పడేవి. ఆసామికి మందు కూరే తుపాకీ ఉండేది. గొట్టం మూతిలో మందు పోయాలి, పీచు కుక్కాలి, సీసం రవ్వలు వెయ్యాలి, మళ్లీ పీచు కుక్కి ఇనపకడ్డీతో దట్టించాలి. కేపు పెట్టి మీట నొక్కితే ఒక్కటే దెబ్బ. తప్పితే మళ్లీ మొదట్నించీ. ఆలోగా మంద కనపడకుండా పోద్ది. అందుకని జింకని తుపాకీ ముందుకే తోలాలి. ఆ తోలే పని మావాళ్లది.

తొలి వేటనాడు మా నాయన, ఇద్దరు మాదిగ పాలేర్లు తెల్లారకముందే గాలివాటం చూసుకుని, చుట్టూ తిరిగిపోయి కేకలేశారు. ఆసామి పేల్చాడు, జింక పడింది. తుపాకీలో మందు కూరిందీ, జింకని మోసిందీ, తోలు వలిచిందీ వీళ్లే. తొడలు ఆసామికి, తలకాయా పేగులూ వీళ్లకి.

"ఒక్క దెబ్బ నేను పేల్చనా అయ్యా" అని అడిగాడంట నాయన.

"ఏ చేను కాయటానికిరా?" అన్నాడంట ఆసామి.

ఆ మాట ఎగతాళి ఒక్కటే కాదు, చట్టం కూడా. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేని తుపాకీని నేరం చేసింది. 1959 చట్టం మందు కూరే తుపాకీకి పంట కాపలా అనే కారణం రాసింది. కులం పేరు ఎక్కడా లేదు. చేను ఉన్నోడికి తుపాకీ అంది, అంతే. చేను ఎవరికుందో చెప్పక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్లోకి ఎక్కింది. జంతువుని తోలటం కూడా వేటేనని ఆ చట్టం అంది. మా పనిని వేటని ఒప్పుకుంది, శిక్ష వెయ్యటానికి.

తోలటం అంటే ఏంటో మావాళ్లకి తెలుసు. 1991 ఆగస్టు 6న మా పక్కనే చుండూరులో దళితుల్ని పొలాల్లోకి తరిమి 8 మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రైన్‌లో, కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నిబంధనలు వచ్చాయి. దాడులు జరిగే అవకాశం ఉన్న చోట దళితేతరుల తుపాకీ లైసెన్సులు రద్దు చెయ్యాలని, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకి లైసెన్సులు ఇవ్వాలని 3వ నిబంధన చెబుతుంది. అక్కడ చేను అడగలేదు, ప్రాణం చాలంది. తుపాకీలు పట్టమని ఇది రాయటం లేదు. మా నాయనని అడిగిన ప్రశ్నకి కాగితం మీద జవాబుంది. పల్లెల్లో తిరిగే కార్యకర్తలు దాన్ని చదివి చెప్పాలి. చేను సంగతి కూడా అడగాలి.