కొలువు మెట్ల కింద కదిలే ఊరు

కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువు ఎక్కువగా సంక్రాంతి పండగది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో మాత్రం అది దసరాది. పుంగనూరు, పెద్దపంజాణి, పలమనేరు, కుప్పం వైపు కొలువు పెట్టే ఇళ్లలో ఆశ్వయుజ పాడ్యమికల్లా మెట్లు సిద్ధమైపోవాలి. ఎందుకిలా అన్నది మ్యాపు చూస్తేనే తెలుస్తుంది. పడమట కోలారు, దక్షిణాన తమిళ దేశం. మైసూరు ఒడయార్లు 1610లో శ్రీరంగపట్నంలో దసరా ఉత్సవం మొదలుపెట్టారు. అంతకు ముందే విజయనగర రాజుల మహానవమి ఉంది. అటు తమిళుల నవరాత్రి కొలువు ఉండనే ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కొన్ని తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె వైపువి కడప నుంచి వచ్చి కలిశాయి. మూడు భాషలు, మూడు వైపుల ఆచారాలు ఒకే ఇంటి వసారాలో కలిసే చోటిది.

కొలువు అందరిళ్లలోనూ ఉండేది కాదు. ఉన్న ఇళ్లలో బల్లలు, ట్రంకు పెట్టెలు వరసగా పేర్చి, పైన తెల్ల పంచె పరిచి, మూడో అయిదో ఏడో, బేసి లెక్కన మెట్లు కట్టేవారు. ముందుగా మెట్టెక్కేది మరపాచి జంట. రాజూ రాణీ అని పిలుచుకునే ఈ ఎర్రచందనం బొమ్మలకు తిరుపతి పేరు. శేషాచలం కొండల చెట్టు, తిరుపతిలో ఉలి కింద బొమ్మై, యాత్రికుల మూటల్లో దక్షిణాదంతా తిరిగింది. పెళ్లిలో కూతురికి ఇచ్చే ఆనవాయితీ ఉండటంతో ఒక్కో జంట రెండు మూడు తరాల చేతులు మారేది. ఏటా కొత్త బట్ట కట్టడం తప్ప వాటిలో మార్పు ఉండదు. పై మెట్ల మీద దేవుళ్లు, దశావతారాలు, పెళ్లి ఊరేగింపు కూడా అంతే. పోయినేడు కూర్చున్న చోటే ఈ ఏడూ కూర్చుంటాయి.

కాలంతో పాటు మారింది మెట్ల కింది నేల. అది పిల్లల రాజ్యం. అక్కడ లేచే చిన్న ఊరే ఈ ప్రాంతపు అసలైన బొమ్మల పట్నం అనాలి.

పండగకు నాలుగైదు రోజుల ముందు పళ్లెంలో ఇసుక, ఎరువు కలిపి రాగులు, ఆవాలు చల్లేవారు. పాడ్యమికి అది పచ్చటి పొలం. ఇటుక ముక్కలు, బంకమట్టి, అగ్గిపెట్టెలతో ఇళ్లు, బొగ్గుపొడి అద్దిన కాగితంతో కొండ, అద్దం ముక్కతో చెరువు. బజారు వీధిలో శెట్టి అంగడి తప్పనిసరి. బొజ్జ శెట్టి, పక్కన శెట్టమ్మ, ముందు చిట్టి గిన్నెల్లో నిజమైన బియ్యం, కందిపప్పు, బెల్లం. శెట్టి రైలు స్టేషను కన్నా ఎత్తుగా ఉండేవాడు, గుడి గోపురం కన్నా కుక్క పెద్దది. కొలతలు కుదరలేదని ఎవరికీ బాధ లేదు.

ఇంటికొచ్చిన పేరంటాళ్లు వంగి చూసేది మాత్రం కదిలేవాటిని. తంజావూరు నాట్యగత్తెను తీసుకోండి. కాగితపు గుజ్జుతో చేసిన పావడా, నడుము పైభాగం, తల దేనికది విడి. ఒకదాని లోపలి తీగ మీద ఇంకొకటి ఊరికే ఆని ఉంటుంది. తలుపు తీసిన గాలికే నడుమొకవైపు, మెడొకవైపు ఊగుతాయి. కీ లేదు, స్ప్రింగు లేదు.

దీన్ని మించినది రేకు పడవ. 1891లో థామస్ పియో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఈ ఆటవస్తువు, తర్వాత మన తిరునాళ్ల అంగళ్లలో రేకు బొమ్మగా దొరికేది. పడవ కడుపులో పల్చటి రేకుతో చిన్న డబ్బీ, దాన్నుంచి వెనక్కి నీటిలోకి దిగే రెండు సన్న గొట్టాలు. గొట్టాల్లో నీళ్లు నింపి, డబ్బీ కింద నూనె వత్తి వెలిగిస్తే నీరు మరిగి ఆవిరవుతుంది, గొట్టాల్లోని నీటిని వెనక్కి చిమ్ముతుంది. ఆవిరి చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికి. చిమ్మేటప్పుడు నీరు ఒకే దిక్కుకు పోతుంది, పీల్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తుంది. అందుకే పడవ ముందుకే సాగుతుంది. పై రేకు ఉబ్బుతూ అణుగుతూ టపటపమంటుంది. తాంబాళంలో అది తిరుగుతుంటే పాట పాడటానికి వచ్చిన ముత్తయిదువలు కూడా ఆగి చూడాల్సిందే.

జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగుళూరుకు రైలు 1864లోనే నడిచింది, అందుకే ఇక్కడి కొలువు ఊరికీ రైలు కావాలి. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో, తర్వాత మెకానో అనిపించుకున్న ఆటవస్తువుకు పేటెంటు పొంది, 1920లో కీ ఇచ్చే రైలు బొమ్మలు తెచ్చాడు. అంత ఖరీదు పెట్టలేని ఇళ్లలో కర్ణాటకలోని చన్నపట్న చెక్క రైలుకు దారం కట్టి మెట్టు చాటు నుంచి లాగితే సరిపోయేది. ఆ చెక్క మన ఏటికొప్పాక బొమ్మల వాళ్లు వాడే అంకుడు కర్రే కావడం విశేషం. సీరియల్ సెట్టు బల్బులు వచ్చాక వీధి దీపాలు వెలిగాయి. పాడైన టేప్‌రికార్డర్ల మోటార్లు రంగులరాట్నాన్ని తిప్పాయి. ఎత్తున పెట్టిన చెంబు నుంచి సెలైన్ గొట్టం దించితే పార్కులో ఫౌంటెన్. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగింది, ఆ దసరాకే చాలా కొలువుల్లో రాకెట్లు, ల్యాండర్లు నిలబడ్డాయి.

ఇప్పుడు ఆ నేల మీదికి లెగో కూడా వచ్చింది. డెన్మార్క్‌లోని బిలుండ్‌లో ఒలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలతో మొదలుపెట్టిన పని అది. 1949లో ప్లాస్టిక్ ఇటుకలయ్యాయి, 1958లో లోపలి గొట్టాలతో గట్టిగా పట్టుకునే తీరు కుదిరింది, 1966లో మోటారు రైలు వచ్చింది. 1958 నాటి ఇటుక నేటి దానికీ అతుకుతుంది. కొలువు ఊరిలో ఏదీ దేనికీ అతకదు. అతికించే ఉపాయం ఏటా పిల్లలే కనిపెట్టుకోవాలి. ఆ పనితనాన్ని చిన్నది అనలేం.

విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి, తర్వాత అన్నిటినీ పాత గుడ్డల్లో చుట్టి అటకెక్కిస్తారు. ఊరు మాత్రం అటకెక్కదు. ఇసుక పెరట్లోకి, రాగి మొలకలు ఆవుకు, మోటారు ఇంకో ఆటకు పోతాయి. అందుకే ఎర్రచందనం జంటలు మ్యూజియాలకు చేరాయి గానీ ఈ ఊళ్లు చేరలేదు. ఫొటో తీసేవాళ్లు కూడా మెట్లనే చూస్తారు. పడమటి మండలాల్లో ఇంకా కొలువు పెట్టే ఇళ్లవాళ్లు ఈ దసరాకు కెమెరాను కాస్త కిందికి దించి ఆ ఊరినీ తీయాలి. ఏ మోటారు దేన్ని తిప్పిందో, గొట్టం ఎక్కడి నుంచి దించారో ఫొటో వెనక రాసిపెట్టాలి.