అంచు లేని పంచె

దగ్గరికి జరుగు బిడ్డా. ఈ పొయ్యి మనూరి కుంపటి లెక్క కాదు, స్విచ్చేస్తె మంట, ఆపితె చలి. నువ్వు లాటిన్ క్లబ్బుల ఎలక్షన్ల నిలబడ్డనని చెప్పంగనే నాకు మీ అమ్మ యాదికొచ్చింది.

1994ల ముచ్చట. వరంగల్ నుంచి డాలస్‌కొచ్చి మూడేండ్లయ్యింది. మీ అమ్మ పదో తరగతి. "లాటినెందుకే, ఎవలు మాట్లాడుతరే దాన్ని?" అన్న. మీ తాత పేపర్ల నుంచి తల ఎత్తకుండనే, "పొద్దున్నే నువ్వు చదివే విష్ణు సహస్రనామం ఎవలు మాట్లాడే భాషల ఉన్నదో" అన్నడు. ఇగ నేను నోరిప్పలె.

క్లబ్బంటే చిన్నదనుకునేరు. జూనియర్ క్లాసికల్ లీగ్ 1936ల పుట్టింది, దేశమంత బళ్లల్ల ఉన్నది. ఊదా, బంగారం దాని రంగులు. గంట నొక్కి జవాబు చెప్పే ప్రశ్నల పోటీని సర్టామెన్ అంటరు. మీ అమ్మ బళ్లె క్లబ్బు పెద్దను ప్రెసిడెంట్ అనకపోతుండిరి, కాన్సుల్ అంటుండిరి. పాత రోముల లెక్కనే ఇద్దరు, ఏడాదే పదవి. ఒకలు మితిమీరితె ఇంకొకలు అడ్డుకోవాలె. మన సర్పంచులకు కూడ గిట్లుంటె బాగుండు!

ఆ రెండు పదవులకు ముగ్గురు నిలబడ్డరు.

ఒకనాడు మీ అమ్మ మీ తాత కొత్త పంచెలు రెండు పట్టుకొచ్చింది. "అమ్మా, టోగా కుట్టవా?" అని. రోమోళ్లు ఒంటికి చుట్టుకునే బట్ట అది, సగం చందమామ లెక్క కత్తిరించాలెనట. పంచె అంచేమో ఎర్రగ, చక్కగ ఉండె. "ఇది ఉంచుతనే" అంటె ఒద్దన్నది. రోముల ఊదా అంచు పెద్ద పదవులోళ్లకేనట. ఓట్లడిగేటోడు తెల్లటి టోగా మీద సుద్ద రుద్దుకొని, మెరుసుకుంట బజార్లకు పోవాలెనట. కాండిడస్ అంటే తళతళ తెలుపు, క్యాండిడేట్ అన్న మాట అండ్లకెల్లే వచ్చిందట. అరే, మన నాయకుల ఖద్దరుకు అంత పాత కథ ఉన్నదా అనుకున్న. చిన్న పిలగాండ్లు కూడ అంచు కట్టుకుంటుండిరట, అది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తె మీ అమ్మతోని వాదిస్తుంటి.

కత్తెర పట్టి అంచు కోస్తుంటె మీ తాత మొఖం చూడాల్సింది.

ఎలక్షన్లకు మీ అమ్మ పాత రోము తీరుగ రాసిన పోస్టర్లు మాత్రం నాకు నచ్చినయ్. క్రీస్తు శకం 79ల బూడిద కింద పోయిన పాంపేలో, గోడలకు సున్నం కొట్టి ఎర్ర రంగుతోని పేర్లు రాస్తుండిరట. ఫలానాయన్ను ఎన్నుకోండని పండ్లమ్మేటోళ్లు, గాడిదలు తోలేటోళ్లు రాసినయ్ ఇప్పటికి ఉన్నయట. ఓటు లేని ఆడోళ్లు కూడ రాయించిన్రు. ఒకాయనకైతె "పొద్దుపోయేదాక తాగేటోళ్లందరం" అని మద్దతు! అది శత్రువులు రాసిందో, దోస్తులు పరాష్కమాడిందో గని, మీ అమ్మ చూసి పగలబడి నవ్వింది. హన్మకొండ గోడలు యాదికొచ్చినయ్ నాకు.

ఇంకో పని చెప్పింది మీ అమ్మ. రోము పెద్దమనుషుల పక్కన పేర్లందించేటోడు ఒకడు ఉంటుండెనట, ఎదురొచ్చేటోని పేరు చెవుల చెప్తందుకు. క్లబ్బు భోజనాలకు నేను పులిహోర పట్టుకపోయి, ఆ కొలువు చేసిన. నాకు ఎవరి పేరూ నోరు తిరగకపోయేది. "ఆ జుట్టు రంగేసుకున్న పిల్ల" అని చెవుల చెప్తె, మీ అమ్మ నన్ను కొరకొర చూసింది.

మాట్లాడే రోజు మస్తు సుద్ద రుద్దిన. మైకు కాడ నిలబడంగనే తుమ్ములు! ఒకటా, రెండా, ఏడు. పోరగాండ్లు లెక్కపెట్టిన్రు. రాసుకున్నది సగం కూడ చెప్పలె. ఓట్లల్ల మూడో స్థానం.

ఇంటికొచ్చి అన్నం తినలె. తెల్లారి మాత్రం గెలిచినోళ్లకు టోగా అంచులు కుట్టియ్యమని నా ముందట నిలబడ్డది. ఊదా గుడ్డ కొనుక్కొచ్చింది గూడ తనే. నాకు కోపమొచ్చింది, గని కుట్టిన.

మన ఎర్ర అంచా? మీ తాత దాంతోని అటక మీది పాత పేపర్ల కట్ట కట్టిండు. నీకు కావాలంటె విప్పుకో. ముందు చెప్పు, సుద్ద పడుతదా నీకు?